ప్రయోజనం లేని నడక

జిల్లా పాత రికార్డుల కార్యాలయంలో పనిచేసే అరవై ఇద్దరిలో రోజూ వ్యాయామం చెయ్యని మనిషి ఒక్క దానమ్మేనని ఆ ఏడు ఆషాఢంలో ప్రభుత్వపరంగా తేలింది.

తేల్చింది ఆరోగ్య బృందం. ఉద్యోగులందరూ ఆరోగ్యంగా ఉండితీరాలని రాష్ట్ర కార్యాలయంలో ఎవరికో గట్టి పట్టుదల కలిగి, 'ఉద్యోగి ఆరోగ్య మహోద్యమం' అని ఒకటి మొదలుపెట్టారు. దాని తాలూకు వ్యాను వచ్చి రెండు రోజులు ఆఫీసు ముందు నిలబడింది. డాక్టరమ్మ ఒక్కొక్కరినీ పిలిచి బరువు తూచి, నడుము కొలిచి, రక్తపోటూ చక్కెరా చూసింది. దానమ్మ వంతు వచ్చినప్పుడు నాడి రెండుసార్లు పట్టుకుంది. వయసు యాభై రెండని రాసి, అనుమానమొచ్చి ఆధార్ కార్డు అడిగి చూసి, మళ్లీ యాభై రెండనే రాసింది. అంత ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆ భవనంలో ఇంకొకరు కనపడలేదని ఆమే పైకి అంది. చివరికి కాగితంలో ఒక గడి మిగిలింది. రోజూ వ్యాయామం చేస్తావా అని అడిగింది.

"నాకేడ తీరుద్దమ్మా" అంది దానమ్మ.

డాక్టరమ్మ 'లేదు' అని రాసుకుంది. మిగిలిన అరవై ఒక్కమందీ 'ఉంది' అని రాయించుకున్నారు. పోర్టికో దాకా స్కూటరు మీద వచ్చి, దిగాక ఒక నిమిషం స్తంభం పట్టుకుని నిలబడితే గానీ మొదటి మెట్టు ఎక్కలేని సూపరింటెండెంటు కుటుంబరావు కూడా 'ఉంది' అనే రాయించుకున్నాడు.

దానమ్మ ఆ ఆఫీసుకు వచ్చి పందొమ్మిదేళ్లు. నాలుగంతస్తుల భవనం. సెక్షన్లన్నీ కింద, రికార్డు గది పైన నాలుగో అంతస్తులో. లిఫ్టు ఇరవై రెండేళ్ల కిందట రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ ఆగి, అక్కడే ఉండిపోయింది. కింద ఎవరికి ఏ ఫైలు కావాలన్నా దానమ్మ ఎక్కి తేవాలి, చూడటం అయిపోతే మళ్లీ ఎక్కి పెట్టాలి. రోజుకు ముప్ఫై నలభైసార్లు. మధ్యలో మంచినీళ్ల క్యానులు, అధికారి గారి పూలకుండీలు. ఇంత చేసినా ఆమెకు అక్కడ పని ఉంది గానీ ఉద్యోగం లేదు. కాగితాల్లో ఆమె పేరు 'తాత్కాలిక ఏర్పాటు'. ఆమెకు ముందు ఆ పని చేసిన రాహేలు ఒకరోజు మూడో అంతస్తు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మర్నాటి నుంచి రాహేలు రాలేదు. దానమ్మ వచ్చింది. రాహేలు ఏమైందని ఆఫీసులో ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడగడానికి ఆమె ఉద్యోగి కాదు. ఆ సంగతి దానమ్మ ప్రతిరోజూ ఆ మెట్టు దగ్గర తలుచుకునేది. పర్మినెంటు చెయ్యమని ఆమె పెట్టుకున్న అర్జీకి అసలు కారణం ఆ మెట్టే.

ఆ అర్జీ పందొమ్మిదో ఏట కదిలింది. కుటుంబరావు ఆమెను పిలిచి, కూర్చోమని కూడా అని, అన్ని కాగితాలూ సరిపోయాయనీ ఒక్కటే తగ్గిందనీ చెప్పాడు. కొత్త నిబంధన ప్రకారం పర్మినెంటు కావలసినవాళ్లు ముప్ఫై రోజులు వ్యాయామం చేసినట్టు ధ్రువపత్రం పెట్టాలి. ఆర్నెల్లలో పెట్టకపోతే ఖాళీ రద్దయిపోతుంది.

"అయ్యా, నేను పొద్దున్నుంచి మెట్లెక్కతానే ఉన్నాను గదా" అంది దానమ్మ.

కుటుంబరావు చెడ్డవాడు కాదు. ఆమె మాటలో న్యాయం ఉన్నట్టు ఆయనకూ తోచింది. సర్క్యులరు తీసి, కళ్లజోడు సర్దుకుని చదివి వినిపించాడు. "వ్యాయామమనగా, ఆరోగ్యము మినహా వేరెట్టి ప్రయోజనమును ఉద్దేశింపక చేయబడు శారీరక చలనము." చదివి, నువ్వు ఫైలు కోసం ఎక్కుతున్నావు కాబట్టి అది ప్రయోజనం కిందకి వస్తుంది, వ్యాయామం కిందకి రాదని విడమరిచి చెప్పాడు. ఫైలు తీసుకుని కిందికి దిగితే అది డ్యూటీ. మరి ఫైలు పైన పెట్టి ఒట్టి చేతులతో దిగేటప్పుడో అని దానమ్మ అడిగింది. ఇది ఆయనకు తట్టలేదు. రాష్ట్ర కార్యాలయానికి వివరణ కోరుతూ ఉత్తరం రాశాడు. ఇరవై రోజులకు జవాబు వచ్చింది. ఒట్టి చేతులతో దిగుటయందు దిగువాని మనోగతమును విచారించి నిర్ణయించవలెనని దాని సారాంశం.

కుటుంబరావు ఆమె మనోగతాన్ని విచారించాడు.

"దిగేటప్పుడు ఏమనుకుంటూ దిగుతావు దానమ్మా?"

"ఇంకో ఫైలు తేవాలనుకుంటానయ్యా."

ఆయన నిట్టూర్చి కాగితం మడిచేశాడు.

ఈలోగా జిల్లా అధికారి హయగ్రీవప్రసాద్ కొండమీద ఎక్కడో జరిగిన ఐదు రోజుల ఆరోగ్య శిబిరానికి వెళ్లి, వేరే మనిషిగా తిరిగొచ్చాడు. ఆఫీసులో కాఫీ ఆపించి రాగిజావ పెట్టించాడు. పెద్ద గంగాళంలో ఆ జావ అంతస్తు అంతస్తుకూ మోసింది దానమ్మే. తరువాత, తొక్కినా ముందుకు పోని సైకిలు ఒకటి తెప్పించి నాలుగో అంతస్తులో పెట్టించాడు. దాన్ని వాచ్‌మన్ ఒకవైపూ దానమ్మ ఒకవైపూ పట్టుకుని ఎక్కించారు. అధికారి రిబ్బను కత్తిరించి మాట్లాడాడు. ఈ యంత్రం మనల్ని ఎక్కడికీ తీసుకుపోదనీ, అదే దీని విశిష్టత అనీ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. యంత్రం స్టాకు రిజిస్టరులో ఎక్కింది. తొక్కితే అరుగుతుంది, అరిగితే ఆడిట్లో సంజాయిషీ చెప్పుకోవాలి కాబట్టి దాని ప్లాస్టిక్కు తొడుగు ఎవరూ తియ్యలేదు.

అందుకని దానమ్మ నడవవలసి వచ్చింది. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ముప్పావు గంట మూడో అంతస్తు వరండాలో ఈ కొసనుంచి ఆ కొసకు ఒట్టినే నడవాలని ఉత్తర్వు. కుటుంబరావును వ్యాయామ నిర్ధారణాధికారిగా నియమించారు. ఆయన వరండా మధ్యలో కుర్చీ వేసుకుని, చేతిలో రిజిస్టరుతో ఆమె నడకను చూస్తూ కూర్చునేవాడు.

ఒట్టినే నడవడం ఆమె ఎన్నడూ నేర్చుకోని విద్య. మొదటిరోజు నడుస్తూ నడుస్తూ కిందపడి ఉన్న కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ప్రయోజనం కలిగింది గనక ఆ రోజు కొట్టేశారు. మూడో రోజు ఎవరో ముసలాయన ఇనాం సెక్షను ఎక్కడమ్మా అని అడిగితే వేలెత్తి చూపించింది. అదీ కొట్టేశారు. ఆరో రోజు నాలుగూ ఇరవైకి రాష్ట్ర కార్యాలయం నుంచి ఫోను వచ్చి, అధికారికి ఒక ఫైలు అర్జెంటుగా కావలసి వచ్చింది. రికార్డు గది ఒక్క అంతస్తు పైనే, దానమ్మ నిమిషంలో తేగలిగేది, కానీ నడక చెడుతుందని ఆమెను పంపకుండా కుటుంబరావే ఎక్కాడు. ఆయన పది నిమిషాలైనా రాకపోతే దానమ్మే వెళ్లి చూసింది. ఆయన సెటిల్‌మెంటు రిజిస్టర్ల కట్ట మీద వెల్లకిలా పడుకుని, చొక్కా గుండీలు విప్పుకుని, ఫ్యాను వంక చూస్తున్నాడు. ఆమె నీళ్లు తాగించింది. అందువల్ల ఆ రోజు కూడా కొట్టెయ్యక తప్పింది కాదని ఆయన చాలా బాధపడ్డాడు. నెల తిరిగేసరికి ఆమె ఖాతాలో పనికొచ్చే రోజులు పదకొండు, అంటే పనికిరాకుండా గడిచిన రోజులు పదకొండు.

ఇంతలో జిల్లాలన్నిటికీ పోటీ పెట్టారు. ఏ కార్యాలయం ఎక్కువ వ్యాయామం చేస్తే దానికి ప్రథమ బహుమతి, ఆ కార్యాలయాధికారికి రాజధానిలో సన్మానం. తనిఖీ బృందం వచ్చి రిజిస్టర్లు చూస్తుందని తెలిసేసరికి, 'ఉంది' అని రాయించుకున్న అరవై ఒక్కమందికీ చెమటలు పట్టాయి. అప్పుడు కుటుంబరావుకు ఒక మార్గం దొరికింది. నడుస్తున్న ఫైలు మొయ్యడం డ్యూటీ. మరి ముగిసిపోయిన ఫైలు మోస్తే ఎవరికీ ఏ ప్రయోజనమూ లేదు. కాబట్టి అది శుద్ధ వ్యాయామం. బరువు మోసినట్టూ అవుతుంది, ఆఫీసులో ఉన్నట్టూ అవుతుంది.

మర్నాటి నుంచి నాలుగు కొట్టగానే అరవై ఒక్కమందీ తలా ఒక పాత కట్ట చంకన పెట్టుకుని నాలుగో అంతస్తుకు ఎక్కి, మళ్లీ అదే కట్టతో దిగడం మొదలుపెట్టారు. బయటినుంచి వచ్చినవాళ్లు చూసి, ఈ ఆఫీసులో పని ఇంత జోరుగా సాగుతోందా అని ఆశ్చర్యపోయేవారు. అసలు ఫైళ్లు మొయ్యడానికి మిగిలింది దానమ్మ ఒక్కతే కావడంతో ఆమె నడక పదకొండు రోజుల దగ్గరే ఆగిపోయింది. ఆమె గోడకు ఒత్తుకుని వాళ్లకు దారి ఇచ్చి, ఫైళ్లు మోసుకుపోయేది.

ఆ ఆశ్చర్యపోయినవాళ్లలో అంకయ్య ఒకడు. అంకయ్యది అక్కడికి ముప్ఫై మైళ్ల దూరాన ఒక పల్లె. రెండెకరాల మిరప చేను. బోరు వేశాడు, నీళ్లు పడ్డాయి. కరెంటు ఇవ్వాలంటే పొలం పాత సర్వే నకలు కావాలన్నారు. ఆ నకలు కోసం ప్రతి సోమవారం, గురువారం ఆఫీసుకు రాబట్టి పద్నాలుగు నెలలయింది. నకలు ఎప్పుడో టైపు చేసి ఫైల్లోనే పెట్టారు. అధికారి సంతకం ఒక్కటే తక్కువ. వ్యాయామం కట్టలు కట్టేటప్పుడు ఎవరో చూసుకోక అంకయ్య ఫైలు కూడా ముగిసినవాటిలో చుట్టేశారు. అప్పట్నుంచి అది రోజూ సాయంత్రం పైకి ఎక్కి కిందికి దిగుతోంది, అంకయ్య వచ్చిన రోజుల్లో ఆయన కళ్లముందే. అట్ట మీద తన పేరు చూసి గుర్తుపట్టి, ఆయన ఒకరోజు ఆ కట్ట వెనకాలే నాలుగంతస్తులూ ఎక్కి దిగాడు. దాన్ని ఒక్కసారి ఆపి విప్పండని ప్రాధేయపడ్డాడు. విప్పితే అది వ్యాయామ సామగ్రి నుంచి దస్త్రంగా మారిపోతుందనీ, మార్చడానికి పై అనుమతి కావాలనీ కుటుంబరావు నెమ్మదిగా నచ్చజెప్పాడు.

ఆ చెప్పడంలోనే కుటుంబరావుకు రెండో మార్గం తట్టింది. ఈ అంకయ్య పద్నాలుగు నెలలుగా వస్తున్నాడు, ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు, పోతున్నాడు. వచ్చినందువల్ల ఇంతవరకు ఏ ప్రయోజనమూ కలగలేదు. సర్క్యులరులో ఉన్న వ్యాయామం అక్షరాలా ఇదే. ఇలాంటివాళ్లు ఆఫీసు చుట్టూ కొన్ని వందలమంది తిరుగుతున్నారు. పరుగున పోయి అధికారికి విన్నవించాడు. హయగ్రీవప్రసాద్ కుర్చీలోంచి లేచి నిలబడి, మన కార్యాలయం ఇన్నేళ్లుగా ప్రజారోగ్యానికి చేస్తున్న సేవ ఎవరి దృష్టికీ రాకుండా పోయిందే అని గద్గదంగా అన్నాడు.

'ప్రజా వ్యాయామ పట్టిక' తెరిచారు. ఎవరు ఎన్నిసార్లు వచ్చారో, ఎన్ని అంతస్తులు ఎక్కారో పాత రాకపోకలతో సహా గేటు దగ్గర రాయడం మొదలైంది. రాష్ట్ర కార్యాలయం అభినందిస్తూ ఉత్తరం రాసింది. జిల్లా అన్నిటికంటే ముందుకు పోయింది. ఒకే ఒక్క చిక్కు వచ్చింది. ఎవరి పని అయినా పూర్తయిందంటే, అంతవరకు అతను తిరిగిన తిరుగుడుకంతా ప్రయోజనం చేకూరినట్టే. అప్పుడా నడక మొత్తం పట్టికలోంచి తీసెయ్యాలి. అందువల్ల పోటీ ముగిసేవరకు ఏ అర్జీనీ పరిష్కరించరాదని లోపాయికారీ ఉత్తర్వు ఒకటి వెలువడింది. దాన్ని అమలు చెయ్యడానికి ఎవరూ ప్రత్యేకంగా శ్రమపడవలసి రాలేదు.

దానమ్మకు కూడా ఇందులో ఆశ కలిగింది. నేను పర్మినెంటు కోసం పందొమ్మిదేళ్లు ఈ బల్ల చుట్టూ తిరిగాను గదయ్యా, అదే వ్యాయామం కింద రాయండి అని కుటుంబరావును అడిగింది. ఆయనకు ఎంతో సంతోషం కలిగింది. అప్పటికప్పుడు ధ్రువపత్రం రాయడం మొదలుపెట్టి, సగంలో కలం ఆపేశాడు. ఈ పత్రం పెడితే నువ్వు పర్మినెంటు అవుతావు, అయితే నీ తిరుగుడు ఫలించినట్టు, ఫలిస్తే అది వ్యాయామం కాదు, కాకపోతే ఈ పత్రం చెల్లదు, పత్రం చెల్లకపోతే నువ్వు పర్మినెంటు కావు. ఆయన దీన్ని కాగితం మీద గీసి మూడుసార్లు చూసుకున్నాడు. ఎటునుంచి వచ్చినా అక్కడికే వస్తోంది. "నాకు చేతకాలేదు దానమ్మా" అని నిజాయితీగా ఒప్పుకున్నాడు. గడువు ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ గురువారం అంకయ్య మెట్ల మీద కూలబడి కనిపించాడు. గేటు దగ్గర రాసే గుమస్తా ఆయనను చూసి, మీరు జిల్లా మొత్తం మీద మూడో స్థానంలో ఉన్నారని అభినందించి వెళ్లాడట. దానమ్మ నీళ్లిచ్చింది. చేను సంగతి అడిగింది.

"ఇంకో వారం నీళ్లు లేకపోతే పీకెయ్యడమే తల్లీ. పూత మొత్తం రాలతంది" అన్నాడాయన. ఆ మాట ఎవరిమీదా కోపం లేకుండా అన్నాడు.

దానమ్మ చదువు ఐదో తరగతి. ఫైళ్లలో ఏముందో ఆమెకు తెలియకపోవచ్చు గానీ, ఏ కాగితం ఏ బల్లమీదినుంచి ఏ బల్లమీదికి పోతుందో పందొమ్మిదేళ్లుగా ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అధికారి గారు రోజూ నాలుగున్నరకు వ్యాయామం హాజరు కాగితాలు అరవై ఒక్కటి, ఫోనులో మాట్లాడుతూనే, చూడకుండా సంతకాలు పెడతాడని కూడా తెలుసు. ఆ కాగితాలు ఆయన ముందు పెట్టేదీ, తిప్పేదీ, తీసి సీలు వేసేదీ ఆమే.

ఆ సాయంత్రం కట్టలు కిందికి దిగాక, ఆమె అంకయ్య ఫైలు విప్పి నకలు తీసింది. హాజరు కాగితాల్లో ముప్ఫయ్యోదాని కింద పెట్టి లోపలికి తీసుకుపోయింది. హయగ్రీవప్రసాద్ అవతలివాళ్లకు మొలకెత్తిన పెసల ప్రాశస్త్యం చెబుతూ అరవై రెండు సంతకాలు పెట్టాడు. ఆమె బయటికి వచ్చి, గుండ్రసీలు వేసి, నకలు అంకయ్య చేతికిచ్చి, "ఇంటికి పో అన్నా" అంది. అంకయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేనా అని అడిగి, దండం పెట్టబోతే ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది.

వారం తిరక్కముందే తనిఖీ బృందం వచ్చింది. పట్టికలో మొదటి పదిమందినీ నమూనాగా తీసుకుని విచారించారు. మూడో స్థానంలో ఉన్న అంకయ్య పేరు దగ్గర ఆగారు. ఆయన పొలంలో మోటారు నడుస్తోంది. అంటే పని అయింది. పద్నాలుగు నెలల నడకా ఎగిరిపోయింది. ఆ కొట్టివేతతో జిల్లా సరిగ్గా రెండో స్థానానికి పడింది. సన్మానం పక్క జిల్లా అధికారికి పోయింది.

రాష్ట్ర కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం చాలా పరుషంగా ఉంది. "ఉద్యమ స్ఫూర్తికి విఘాతము కలుగునట్లు ఒక అర్జీని పరిష్కరించుటకు బాధ్యులైన ఉద్యోగి ఎవరో గుర్తించి, సర్వీసు నిబంధనల ప్రకారము క్రమశిక్షణా చర్య గైకొని ఏడు దినములలో తెలుపవలెను. లేనియెడల సంతకము చేసిన అధికారియే బాధ్యునిగా పరిగణించబడును."

హయగ్రీవప్రసాద్ దానమ్మను పిలిపించి అడిగాడు. ఆమె దాచలేదు. తీసెయ్యండి దీన్ని అని ఆయన కుటుంబరావు వైపు తిరిగి అన్నాడు.

"తియ్యలేము సర్" అన్నాడు కుటుంబరావు వినయంగా. "ఆమె లేదు."

లేకపోవడమేమిటి, ఎదురుగా నిలబడి ఉంటే అన్నాడు అధికారి. మనిషి ఉంది గానీ రికార్డులో ఉన్నది తాత్కాలిక ఏర్పాటు మాత్రమేననీ, ఏర్పాటు మీద క్రమశిక్షణా చర్య ఉండదనీ, ఉద్యోగి మీద ఉంటుందనీ కుటుంబరావు వివరించాడు. ప్రస్తుతానికి ఈ విషయంలో రికార్డు ప్రకారం ఉన్న ఉద్యోగి సంతకం పెట్టిన తమరొక్కరే అని కూడా గుర్తుచేశాడు.

ఆ తరువాత జరిగినంత వేగంగా ఆ కార్యాలయంలో ఏదీ ఎన్నడూ జరగలేదు. దానమ్మకు వ్యాయామ ధ్రువపత్రం అధికారి స్వహస్తాలతో రాసిచ్చాడు. ముప్ఫై రోజులకు బదులు తొంభై అని రాశాడు. పత్రం తీసుకుని ఒక గుమస్తా కారులో రాజధానికి వెళ్లి, సాయంత్రానికి ఆమోదంతో తిరిగొచ్చాడు. నేరం జరిగిన నాటికి ఆమె ఉద్యోగి అయి ఉండాలి గనక పర్మినెంటు ఉత్తర్వును ఏడాది వెనకటి తేదీ నుంచి వర్తించేట్టు ఇచ్చారు. మర్నాడు ఉదయం పదింటికి ఆ ఉత్తర్వు, పదిన్నరకు అభియోగపత్రం ఆమె చేతిలో పెట్టారు. రెండిటికీ విడివిడిగా సంతకాలు తీసుకున్నారు. కుటుంబరావు మొదటిదానికి శుభాకాంక్షలు చెప్పి, రెండోదానికి విచారం వెలిబుచ్చాడు. దానమ్మ మొదటి కాగితాన్ని రవికెలో పెట్టుకుంది. రెండోది ఎక్కడ పెట్టాలని ఆయన్నే అడిగింది.

విచారణ మొదలై ఇది మూడో సంవత్సరం. హయగ్రీవప్రసాద్‌కు బదిలీ అయింది. విచారణాధికారులు ఇద్దరు మారారు. మొన్న వచ్చిన మూడో ఆయన, ఇంతకాలమైనా నిందితురాలి సంజాయిషీయే ఫైల్లో లేదని కనిపెట్టి, దానమ్మను ఎదుట కూర్చోబెట్టి చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. ఆమె మూడు ముక్కల్లో చెప్పింది. అంకయ్యకి కాగితం కావాలి. కాగితం తయారుగా ఉంది. ఇచ్చాను.

విచారణాధికారి దాన్ని రెండుసార్లు చదివి, ఇందులో ఉద్దేశం ఏమిటో బొత్తిగా అర్థం కావడం లేదని, మరింత స్పష్టంగా రాసుకురమ్మని ఇంకో ఆర్నెల్లు గడువిచ్చాడు.